మిరపకాయ చదువు

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం రెండింటికి కుక్క కూడా మొరగదు, మొరిగితే నాలుక ఎండిపోతుందని దానికీ తెలుసు. అటువంటి వేళ సుకన్య ఒక్కతే నోరు మెదుపుతోంది. తడిగుడ్డతో తుడిచిన గచ్చు మీద వెల్లకిలా పడుకుని, కరెంటు పోయి నిలబడిపోయిన ఫ్యాను రెక్కల వంక చూస్తూ, ఇష్ హైసె సుకన్య, నా పేరు సుకన్య, ఇష్ కొమ్మె అవుస్ ఇండియన్, నేను ఇండియా నుంచి వచ్చాను, ఎక్కడికి వచ్చాను, ఎక్కడికీ రాలేదు, ఇక్కడే ఉన్నాను, తుడిచిన తడి అయిదు నిమిషాల్లో ఆరిపోయి వీపు కింద గచ్చు పెనంలా కాలుతోంది. మూడున్నరకు మాచర్ల బస్సు. మాచర్లలో బస్సు మారి హైదరాబాదు, రేపు పొద్దున తొమ్మిదింటికి పరీక్ష. జర్మన్ భాషలో మొట్టమొదటి మెట్టు, ఏ వన్ అంటారు, పలక పట్టిన పిల్లలకు అ ఆ లెంతో ఆ భాషకు అదంత. అయినా ఆ మెట్టు ఎక్కినట్టు కాగితం చేతిలో లేకపోతే భర్త శ్రీకర్ దగ్గరికి బ్రెమెన్ పోవడానికి వీసా ఇవ్వరు. నూటికి అరవై వస్తే విమానం, యాభై తొమ్మిది వస్తే ఈ గచ్చు. పోయినసారి యాభై నాలుగు వచ్చాయి. బయట వసారాలో తల్లి అన్నపూర్ణ కుప్ప పోసిన మిరపకాయల ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది, ఆ ఘాటు గుమ్మం దాటి లోపలికి వచ్చి గొంతులో గుచ్చుతోంది, ప్రతి మూడో వాక్యానికీ సుకన్యకు దగ్గు వస్తోంది. పక్కన అయిదేళ్ళ హిమజ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని, సుకన్య ఎడమ చెవితమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని నలుపుతోంది. ఈ ఇంట్లో దాన్ని అందరూ పాప అనే పిలుస్తారు.

ఇష్ బిన్ ఫెర్‌హైరాటెట్, నాకు పెళ్ళయింది. ఎన్నిసార్లయింది అని అడగరు, అది మేలు. అడిగేవి ఏడే ఏడు సంగతులు, పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, పని, సరదా. ఇవి దాటాక అట్టముక్కలు. ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క మాట ఉంటుంది, రొట్టె, ఆదివారం, కారు, అమ్మానాన్నలు. ఎవరి అట్ట వాళ్ళు తీసి దాని మీది మాటతో పక్కవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి, పక్కవాళ్ళు జవాబు చెప్పాలి. పోయినసారి హైదరాబాదులో సుకన్య పక్కన వరంగల్ కుర్రాడొకడు కూర్చున్నాడు, ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు మొహం, వాడు అట్ట తీశాడు, తీసి హాయిగా నవ్వుతూ, హాబెన్ జీ కిండర్ అని అడిగాడు. మీకు పిల్లలున్నారా? అంతే. ఆదివారం ఏం చేస్తారు అని రావచ్చు, రొట్టె తింటారా అని రావచ్చు, కాదు, అదే వచ్చింది, ఊరంతా వదిలి చెప్పు కింద ముల్లు గుచ్చుకున్నట్టు. ఎదురుగా తెల్లజుట్టు ఆవిడ, పరీక్ష పెట్టే ఆవిడ, బిట్టె అంది, అంటే కానివ్వమ్మా అని. సుకన్య, యా, అంది. తర్వాత, నైన్, అంది. ఉన్నారు, లేరు. ఆ తర్వాత ఏమడిగినా చెవుల్లోకి పోలేదు, పెన్సిలు ఇవ్వమని అడగాల్సిన చోట థాంక్యూ చెప్పి లేచి వచ్చేసింది. మాట్లాడే భాగంలో ఇరవై అయిదుకు ఆరు. ఆ ఆరు కూడా పేరూ ఊరూ చెప్పినందుకు జాలిపడి వేసినవే అయ్యుంటాయి.

నరసరావుపేటలో దావూద్ మెకానిక్ షెడ్డు మీద మేడగది, అందులో దావూద్ కూతురు ఫర్హీన్ జర్మన్ చెబుతుంది, కింద స్కూటర్ల రొద, పైన జర్మన్ మాటల ముందు తగిలించే డేర్ డీ డాస్‌ల వల్లెవేత. ఫర్హీన్‌కు పాతికేళ్ళు ఉండవు, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి నిష్ఠూరంగా మాట్లాడే మనిషి. మార్కుల కాగితం చూసి నెత్తి కొట్టుకుంది. "పరీక్షలో నిజంతో పనేముంది సుకన్యగారూ? నలుగురు పిల్లలున్నారన్నా మార్కులు పడతాయి, అసలు లేరన్నా పడతాయి. వాళ్ళేమన్నా రేషన్ కార్డు తెచ్చి చూస్తారా? వాక్యం సరిగ్గా ఉండాలి, అంతే. నేనైతే మా ఇంట్లో గుర్రం ఉందని చెప్పా, తొంభై ఒకటి వచ్చినాయి." ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ సుకన్యకు ఒక తిక్క ఆశ పుట్టింది. నిజంతో పని లేదంటే నిజం చెప్పినా ఎవరికీ పట్టదు. ఆ గదిలో, ఆ తెల్లజుట్టు ఆవిడ ఎదుట, ఇష్ హాబె ఐనె టోఖ్టర్, నాకొక కూతురుంది, దానికి అయిదేళ్ళు, పాలు తాగదు, చెవి పట్టుకుని గానీ నిద్రపోదు అని చెప్పేసి బయటికి వచ్చేస్తే? భూమ్మీద ఆ మాట చెప్పగలిగిన చోటు ఇక అదొక్కటే. చెవి పట్టుకోవడాన్ని జర్మన్‌లో ఏమంటారో ఫర్హీన్‌ను అడిగింది కూడా. రెండు రోజుల తర్వాత ఫోనులో ప్రాక్టీసు చేయిస్తుంటే ఆ టోఖ్టర్ నోరు జారి శ్రీకర్ ముందు పడింది. శ్రీకర్ అరవలేదు, అతనికి అరవడం చేతకాదు. "నోటికి ఏది అలవాటైతే అదే వస్తుంది సుకన్యా. రేపు వీసా ఆఫీసులో అడిగినప్పుడూ అదే వస్తుంది. కాగితం మీద ఒకటి, నోట్లో ఒకటి ఉంటే ఇద్దరం పోతాం," అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

వీసా కాగితం మీద రాసింది తనే. ఎవరో చెయ్యి పట్టుకుని రాయించలేదు. పిల్లలు అన్న గడిలో లేరు అని గుండ్రంగా, స్కూల్లో దస్తూరికి ప్రైజు తెచ్చుకున్న చేత్తో రాసింది, రాసి కింద సంతకం పెట్టింది. శ్రీకర్ ఏనాడూ మోసం చెయ్యలేదు, పెళ్ళిచూపుల నాడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఇంకొకరి పిల్లను నేను పెంచలేనండీ. పెంచుతానని అబద్ధం చెప్పి తర్వాత ఏడిపించడం కన్నా ఇప్పుడే చెప్పడం మర్యాద," అన్నాడు. అతని తల్లి నరసరావుపేట నుంచి తెచ్చిన పూలు సుకన్య తలలో తురుముతూ, "పిల్ల సంగతి మావాడికి తెలుసు, మాకు తెలుసు. మా చుట్టాలకి ఎందుకమ్మా? రేపు మీ ఇద్దరికీ పుట్టేవాళ్ళు పుడతారుగా," అంది. రామబ్రహ్మం, సుకన్య తండ్రి, తువ్వాలుతో మొహం తుడుచుకుని సరేనమ్మా అన్నాడు. అన్నపూర్ణ సరేనమ్మా అంది. సుకన్య కూడా అంది, అందరికన్నా ముందు అంది, ఆ సంగతి తనకు తెలుసు. పాప తండ్రి నకరికల్లు దగ్గర లారీ కింద పడి చనిపోయాక రెండేళ్ళు ఈ ఇంట్లో ఈ మిరపకాయల ఘాటులో తిరిగొచ్చిన కూతురుగా బతకడమంటే ఏంటో సరేనమ్మా అన్నవాళ్ళకేం తెలుసు? పక్కింటి శుభలేఖ ఈ గుమ్మం దగ్గరికొచ్చి తల్లి చేతిలో పడుతుంది, తన చేతిలో పడదు. రిజిస్టరాఫీసులో పెళ్ళయ్యాక నరసరావుపేటలో శ్రీకర్‌తో పదిహేను రోజులు. ఏసీ గది. పొద్దున్నే అతను కాఫీ కలిపి ఇచ్చేవాడు, తాగి మళ్ళీ పడుకునేది. పాప గుర్తొచ్చింది నాలుగో రోజున. మూడు రోజులు గుర్తే రాలేదు, ఒక్క క్షణమైనా రాలేదు, ఆ మూడు రోజులే బతికినట్టు బతికింది. ఈ మాట ఏ భాషలోనూ ఎవరికీ చెప్పలేదు.

చెవితమ్మె మీద వేళ్ళు కదులుతున్నాయి. నిద్రపోలేదు ఇది, దొంగ. ఎన్ని నేర్పినా ఈ చేతికి మాత్రం ఎవరూ ఏమీ నేర్పలేదు, దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అన్నపూర్ణ ధ్యాసంతా నోటి మీదే ఉండిపోయింది. పెళ్ళి ముహూర్తం అనుకున్న మర్నాటి నుంచే నోటి చదువు మొదలు. ఇక నుంచి అమ్మమ్మ అమ్మ, అమ్మ అక్క. "దీంట్లో వింతేముందే? మా పెదనాన్న పిల్లలు వాళ్ళమ్మను చచ్చిందాకా వదినా అనే పిలిచారు. చిన్నాన్నలు వదినా అంటుంటే విని వాళ్ళూ వదినా అన్నారు, ఎవురికీ ఏం కాలా," అని అన్నపూర్ణ తేల్చేసింది. నిజమే, ఆ ఇళ్ళల్లో పిల్లలు నలుగురి నోటా విని పిలిచేవాళ్ళు, తల్లిని అక్కా అన్నా వదినా అన్నా కడుపుకు ఆకలేస్తే ఆ కొంగే పట్టుకునేవాళ్ళు, అది ముద్దు. ఇది ముద్దు కాదు. స్కూల్లో చేర్చినప్పుడు రామబ్రహ్మం, పాప తల్లి పేరు దగ్గర అన్నపూర్ణ అని రాయించి వచ్చాడు, వచ్చి ఆ పూట అన్నం తినలేదు, మర్నాడు తిన్నాడు. పాపకు మాత్రం తలకెక్కలేదు. పొద్దున అక్కా అనేది, మధ్యాహ్నం మరిచిపోయేది. బుజ్జగించారు, చాక్లెట్ పెట్టారు, మాట్లాడ్డం మానేశారు. తల్లీ కూతురూ ఒకే గదిలో చెరో మూలా చదువుకునేవాళ్ళు, ఒకరికి డేర్ డీ డాస్ రాదు, ఇంకొకరికి అక్క రాదు, ఎవరు మొద్దో తేలేది కాదు.

తేలిన రోజు శ్రీకర్ తల్లి వచ్చిన ఆదివారం. ఆవిడతోపాటు వాళ్ళ ఆడపడుచులు ఇద్దరు, ఏమీ తెలియని చుట్టాలు. సుకన్య పట్టుచీరలో కాఫీ పళ్ళెం పట్టుకుని నిలబడింది. పాప వీధిలో ఏదో గుచ్చుకుని, కాలి బొటనవేలు నెత్తురోడుతుంటే కుంటుకుంటూ వచ్చి, అమ్మా అని అరుస్తూ వచ్చి, ఆ పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకుంది. కాఫీలు తాగేవాళ్ళు తాగడం ఆపారు. ఆడపడుచుల్లో పెద్దావిడ నవ్వుతూ, "ఎవర్నే, అమ్మా అంటన్నావు?" అంది. అన్నపూర్ణ లేచి, "దానికి అందరూ అమ్మే, గారాబం," అంటూ పాప రెక్క పుచ్చుకుని వసారాలోకి తీసుకుపోయింది. వసారాలో కుప్ప ఉంది. చిన్నప్పుడు ఈ ఊళ్ళో బూతుమాట మాట్లాడిన పిల్లలకు పెట్టే శిక్షే, సుకన్యకూ ఒకసారి పడింది, ఎందుకో గుర్తు లేదు, మంట గుర్తుంది. కుప్పలోంచి ఎర్రటిదొకటి తీసి, విరిచి, పెదవుల మీద ఇటు నుంచి అటు ఒక్కసారి. వసారాలోంచి కేక వచ్చింది. అప్పుడు సుకన్య చేసిందేంటంటే, పళ్ళెం ముందుకు జరిపి, "పంచదార సరిపోయిందా అత్తయ్యా?" అని గట్టిగా అడిగింది. ఆ కేక వినపడనంత గట్టిగా. "సరిపోయింది తల్లీ," అంది అత్తయ్య. "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని మళ్ళీ అడిగింది, రెండో కేక వచ్చిందని. రెండు రోజులు పాప పెదవులు వాచి, పెరుగన్నం కూడా ఏడుస్తూ తింది. మూడో రోజు పొద్దున లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, అక్కా, పలక ఏది, అంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు. ఏడాదిన్నర నుంచి పుస్తకాలతో, ఫోనుతో, ఫర్హీన్‌తో సుకన్యకు రానిది పాపకు ఒక్క మిరపకాయతో వచ్చింది.

ఫోను మోగింది. రెండున్నర, బ్రెమెన్‌లో పదకొండు, శ్రీకర్‌కు టీ తాగే టైము. సుకన్య లేచి కూర్చునే లోపే చెవి మీద వేళ్ళు ఊడాయి, పాప కళ్ళు తెరవకుండానే గోడవైపు రెండు దొర్లులు దొర్లింది. ఎంతవరకు దొర్లితే ఫోనులో కనపడదో దానికి తెలుసు, ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకుంది. తెర మీద శ్రీకర్ స్వెట్టరులో ఉన్నాడు. మే నెలలో స్వెట్టరు వేసుకునే ఊరు, ఆ ఊరు ఎంత బాగుంటుందో.

"చెమటలు కారిపోతున్నాయేంటి?" అన్నాడు.

"కరెంటు పోయిందండీ."

"సరే, ఒక్కసారి మొత్తం చూద్దాం. మళ్ళీ నాకు టైముండదు." అడిగాడు, చెప్పింది. పేరు, వయసు, భాషలు, సరదా ఏంటి, వంట. రొట్టె గురించి అడిగాడు, ఆదివారం గురించి అడిగాడు, అన్నిటికీ గుట్ అన్నాడు, బాగుంది అని. అతను గుట్ అనేటప్పుడు గడ్డం కొంచెం కిందికి దించుతాడు, అది చూస్తే సుకన్యకు ఒంట్లో ఎక్కడో చల్లగా ఉంటుంది, ఇన్నేళ్ళలో తనను బాగుంది అన్న మనిషి అతనొక్కడే. తర్వాత మామూలు గొంతుతోనే, టీ గుక్క మింగుతూ, హాబెన్ జీ కిండర్, అన్నాడు.

"నైన్," అంది. గోడ దగ్గర పాప వీపు కదిలింది. "ఇష్... హాబె..."

"ఆగావు."

"దగ్గు వచ్చిందండీ. మిరపకాయలు."

"రేపు అక్కడ మిరపకాయలుండవు. మళ్ళీ." మళ్ళీ అంది, మళ్ళీ అక్కడే తెగింది, హాబె దగ్గర, ఉంది అన్న మాట నోట్లోంచి బయటికొచ్చాక లేదు అన్న మాట దాని వెనక రాదు, గుమ్మంలో గొర్రెలా నిలబడిపోతుంది. నాలుగుసార్లు అయింది. శ్రీకర్ కప్పు కింద పెట్టాడు. "లేరని చెప్పడానికి అంత ఆలోచన ఎందుకు సుకన్యా? ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి, ఎంతమంది, ఎన్నేళ్ళు, ఏం చదువుతున్నారని. లేనివాళ్ళకి ఏముంది చెప్పడానికి?" అన్నాడు. వెటకారం కాదు, అతను నిజంగానే అర్థంకాక అడిగాడు. కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "చూడు, ఇది రెండోసారి. ఈసారి కూడా కాకపోతే మనం కూర్చుని ఆలోచించుకుందాం. నేనూ ఎన్నాళ్ళు ఒక్కణ్ణే ఉండను? నిన్నేమీ అనడం లేదు," అన్నాడు. సరేనండీ అంది. ఆల్ ద బెస్ట్ అన్నాడు. తెర నల్లబడి అందులో తన మొహమే కనపడింది, పైపెదవి మీద చెమట చుక్కలతో, పరీక్ష తప్పిన మొహం ఇప్పటి నుంచే.

ఆలోచించుకుందాం. ఆ మాటకు అర్థం చెప్పడానికి ఫర్హీన్ అక్కర్లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, సుకన్యకు అదీ లేదు, ముందు చల్లటి ఊరూ వెనక మిరపకాయల కుప్పా, మధ్యలో గోడవైపు తిరిగి పడుకున్న ఈ చిన్న వీపు. గౌను గుండీ ఒకటి ఊడి, వెన్నుపూసలు గింజల్లాగా కనపడుతున్నాయి. ఇది లేకపోతే. ఎప్పుడూ ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయే ఆలోచన ఇవాళ ఆగలేదు, ఎండకు బరితెగించింది. ఆ రోజు నకరికల్లు బయలుదేరేటప్పుడు దాని నాన్న దాన్ని బండి ముందు కూర్చోబెట్టుకుంటానన్నాడు. కూర్చోబెట్టుకున్నాడు కూడా. ఒళ్ళు వెచ్చగా ఉంది, ఎండలో ఎందుకు అని తనే వెళ్ళి దించింది, కాళ్ళు తన్నుకుని ఏడుస్తున్నదాన్ని చంకనేసుకుని లోపలికి తెచ్చింది. దించకపోయి ఉంటే. ముందు పిల్ల కూర్చుందని లారీ డ్రైవరు బ్రేకేమీ వేసేవాడు కాదు. దించకపోయి ఉంటే ఇవాళ నైన్ దగ్గర ఆగే పనే లేదు, గడగడా చెప్పేసేది, శ్రీకర్ గడ్డం దించి గుట్ అనేవాడు. ఆలోచన వచ్చి, ఒళ్ళో కూర్చుంది, పొమ్మంటే పోలేదు. తల్లినేనా నేను అనుకుంది. కాదుగా, అక్కను, అని లోపల్నుంచి ఎవరో నవ్వారు. భయమేసింది, సిగ్గేసింది, ఆ రెండిటికన్నా ముందు ఒళ్ళు తేలికైంది. ఆ తేలికే అన్నిటికన్నా అసహ్యంగా ఉంది. చెయ్యి చాచి గౌను గుండీ ఊడిన చోట రెండంచులూ దగ్గరికి లాగింది, వదిలితే మళ్ళీ విడిపోయాయి.

అన్నపూర్ణ కొంగుతో మెడ తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది, వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. "ఇంకా పడుకోనే ఉండావా? నాన్న ఆటో తేను పోయాడు. చర్చి వీధి గ్రేసు ఇంటికాడ ఇన్వర్టర్ ఉండాది, ఫ్రిజ్జు నీళ్ళు సీసాలో పోసుకొస్తా. ఏమే, వచ్చిందా ఇప్పుడన్నా? చానా డబ్బు తగలేశాం నీ చదువుకి, ఈసారి తప్పితే నా మొగం చూడమాక," అంది. "వస్తుందిలేమ్మా," అంది సుకన్య. చెప్పుల చప్పుడు వసారా దాటి, వాకిలి దాటి, చర్చి వీధి మలుపులో ఆగిపోయింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఇలా ఇద్దరే మిగిలి ఎన్నాళ్ళయిందో సుకన్యకు లెక్క అందలేదు.

"పాపా."

"ఏంది అక్కా?" నిద్ర లేని గొంతు.

"ఇట్టా రా." దొర్లుకుంటూ వచ్చింది, రావడం రావడమే చెయ్యి చెవి మీదికి పోయింది, వేళ్ళు తమ్మెను పట్టుకున్నాయి. ఆ వేళ్ళు తగిలేసరికి సుకన్య తల ఇంకొంచెం దాని వైపు వంచింది. రేపు ఆ గదిలో తను అనబోయే మాట అనేముందు, ఒక్కసారి, చెల్లు చేసుకుని పోదామనిపించింది. దాహం వేసినట్టే వేసింది ఆ మాట మీద. "పాపా, ఇంట్లో ఎవురూ లేరు. అమ్మ నీళ్ళకి పోయింది. ఒక్కసారి, నా చెవిలో, నన్ను అమ్మా అని పిలువు."

పాప కళ్ళు తెరిచింది. సుకన్య మొహం చూడలేదు, గుమ్మం వంక చూసింది. తలుపు చాటు చూసింది. గచ్చు మీద బోర్లా పడున్న ఫోను వంక చూసింది, అందులో ఎవరైనా ఉన్నారేమోనని. చెవి మీది వేళ్ళు నెమ్మదిగా ఊడాయి, ఆ చెయ్యీ, రెండో చెయ్యీ వచ్చి పెదవులను మూసుకున్నాయి, గట్టిగా, ఒకదాని మీద ఒకటి. ఆ చేతుల వెనక నుంచి, "అక్క," అంది.

"నిజంగానే అడుగుతున్నా తల్లీ. ఏం చెయ్యను. ఎవరూ ఏం చెయ్యరు."

"అక్క," అంది, ఈసారి గట్టిగా, వసారాలో కుప్ప దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళకు వినపడేలాగా. "అక్క. అక్క. అక్క." కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా చేతులు తియ్యలేదు. "నేను తప్పు చెప్పలా గదా? అమ్మకి చెప్పు, నేను తప్పు చెప్పలా అని చెప్పు."

సుకన్యకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. లాగిపెట్టి కొడదామనిపించింది, ఆ రెండు చేతులూ ఊడబెరికి, నేను నీకెవర్నే అని బుగ్గలు నొక్కిపట్టి అడుగుదామనిపించింది, చేతులు లేచాయి కూడా. ఆ లేచిన చేతులను చూసి పాప కళ్ళు గట్టిగా మూసుకుంది. లేచిన చేతులు ఏం చెయ్యాలో తెలియక పాప జుట్టు మీద పడి, చెమటకు నుదుటికి అంటుకున్న వెంట్రుకలను వెనక్కి తోశాయి. "తప్పు చెప్పలేదు. మంచిపిల్లవి. అమ్మకు చెబుతాలే," అంది. అప్పుడు గాని పాప చేతులు పెదవుల మీంచి దిగలేదు. దిగినవి మళ్ళీ చెవి దగ్గరికి రాలేదు, గౌనులోకి పోయి దాక్కున్నాయి. అయిపోయింది, అనుకుంది సుకన్య. ఇది పూర్తిగా నేర్చేసుకుంది, చేత్తో సహా.

లేచింది. అద్దం ముందు నిలబడి ప్రయాణానికి తీసిపెట్టిన నూలు చీర కట్టుకోవడం మొదలుపెట్టింది, కుచ్చెళ్ళు పోసి, దోపి, పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుంది. అద్దంలో పాప గచ్చు మీద కూర్చుని అట్టముక్కలు పోగు చేస్తోంది, గండం గడిచిపోయింది కదా, పిల్లలకు ఏడుపు ఎంతసేపు. ఫర్హీన్ ప్రతి అట్ట మీదా మాట కింద బొమ్మ కూడా వేసి ఇచ్చింది. పాప వాటిని పేకముక్కల్లాగా కలిపి, ఒకటి తీసి, రెండు చిన్న బొమ్మలు చేతులు పట్టుకుని నిలబడిన అట్ట, దాన్ని ఫోనులాగా మొహం ముందు పట్టుకుంది. ఏడాదిన్నరగా గోడవైపు తిరిగి వింటోంది, ఏ బొమ్మకు ఏ ప్రశ్నో దానికి రాకుండా ఎలా ఉంటుంది. శ్రీకర్ గొంతు తెచ్చిపెట్టుకుని, టీ గుక్క మింగినట్టు నటించి, అడిగింది.

"హాబెన్ జీ కిండర్?"

సుకన్య పళ్ళ మధ్య పిన్నీసు తీసింది. "నైన్. ఇష్ హాబె కైనె కిండర్," అంది. నాకు పిల్లలు లేరు. ఎక్కడా ఆగలేదు, దగ్గు రాలేదు, హాబె తర్వాత కైనె దాని వెనకే నడిచి వచ్చింది. తనే నమ్మలేక అద్దంలో నోటి వంక చూసుకుంది. ఇంకోసారి అంది, ఇంకా బాగా వచ్చింది.

"గుట్," అంది పాప, గడ్డం కొంచెం కిందికి దించి.

వాకిట్లో ఆటో హారను మోగింది. అన్నపూర్ణ చెమటలు పట్టిన నీళ్ళసీసా పట్టుకుని గబగబా లోపలికి వస్తూ, "వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా," అంది సుకన్య, భుజం మీద పైట సరిచేసి పిన్నీసు పెట్టుకుంటూ.